పట్టకారును మింగిన పుచ్చుపన్ను

పన్ను పీకించుకోవడానికి మా ఆవిడతో కలిసి వెళ్లాను. డాక్టరు గంట కూర్చోబెట్టాడు. భయం మరిచిపోదామని ఫోన్లో పురుగులాట మొదలుపెట్టాను. ముక్కూమొహం తెలియని జనమంతా పురుగులై ఒకరినొకరు మింగే ఆట. నా పురుగు పేరు ‘పుచ్చుపన్ను’.

‘పట్టకారు’ అనే పురుగు నన్ను ఆరుసార్లు మింగింది. నొప్పి పోయి పంతం పట్టుకుంది. చదరంగంలో మా బావమరిది మీద కూడా ఇంత ఉడుక్కోలేదు. ఆ గొడవ మరోసారి చెబుతాను. ఏడోసారి దారికాసి గుటుక్కుమనిపించాను.

“మింగేశా!” అని అరిచాను.

డాక్టరు గదిలోంచి “అయ్యో, చచ్చాను!” అని కేక.

“ఎవరికో పీకేశారు పాపం,” అంది మా ఆవిడ.

తలుపు తెరుచుకుంది. లోపల కుర్చీ ఖాళీ. డాక్టరు చేతిలో ఫోను.

“ఇక్కడ పుచ్చుపన్ను ఎవరండీ?”

“ఈయనేనండీ!” మా ఆవిడ నన్ను ముందుకు తోసింది.

“రండి బాబాయిగారూ, మీకోసమే చూస్తున్నా,” అన్నాడు పట్టకారు.