వీపు మీద గద్ద

"జాకెట్ విప్పు."

భుజంగరావు గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే అందరికీ భయం.

ఆదివారం మధ్యాహ్నం. హోసూరు రోడ్డు పక్కన ధాబా. బయట వరసగా బుల్లెట్లు, లోపల వాటిని నడిపే మనుషులు, వాళ్ళ నాయకుడు భుజంగరావు. వాళ్ళ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకుని కూర్చుంది ఒక అమ్మాయి. స్కూటీ మీద వచ్చి టీ అడిగింది, పాపం. టీ గ్లాసు చేతికి రాకముందే ఆ గుంపులోని ఓబులేసు ఆమె వీపు చూశాడు.

నల్ల తోలు జాకెట్. దాని వెనక రెక్కలు విప్పిన గద్ద. నల్లగద్దలనే ఈ బైకుల క్లబ్బు ప్యాచ్ అది, సభ్యులు మాత్రమే కుట్టించుకునే గుర్తు.

గోడకు ఆనుకుని నిలబడ్డ నాగేంద్ర, అతనూ క్లబ్బు మనిషే, ఆ గద్ద మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

ఆ 2004లో బెంగళూరు కుర్రకారుకి జాకెట్ మీద బొమ్మంటే ఫ్యాషన్. నల్లగద్దలకు మాత్రం అది ఒంటి మీద చర్మం. ఏడాది పాటు క్లబ్బు వెంట తిరిగి, చెప్పిన చాకిరీ అంతా చేస్తే గానీ కుట్టించుకోనివ్వరు. ఒకరి ప్యాచ్ మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. బయటివాళ్ళు వేసుకోనే కూడదు. కోరమంగళలో ఒక కాలేజీ కుర్రాడు సరదాకి వేసుకుని తిరిగితే జాకెట్‌తో పాటు వాడి బైకు కూడా తగలబెట్టారు. వాడి చెయ్యి ఇప్పటికీ తిన్నగా లేదు.

ఇక్కడ ఇంకా పెద్ద తప్పు జరిగింది. గద్ద కింద ఎర్ర దారంతో పేరు కుట్టి ఉంది. లలిత్.

గుంపుకి ముందు బండి నడిపినవాడు లలిత్. పోయిన ఏడాది నంది కొండ దిగుతూ వెనకబడ్డాడు. వెతుక్కుంటూ వెళ్ళేసరికి రోడ్డు పక్కన ప్రాణం లేకుండా పడి ఉన్నాడు. ఏదో లారీ గుద్దిందన్నారు. జేబులో పర్సుంది, సెల్‌ఫోనుంది. జాకెట్ మాత్రం దొరకలేదు. ఆ తర్వాత గుంపుకి ముందు బండి నడుపుతున్నది నాగేంద్రే.

"యాడిది నీకిది?" అన్నాడు భుజంగరావు.

"చిక్కపేటలో సార్... సెకండ్ హ్యాండ్ షాపులో. డిజైన్ బావుందని తీసుకున్నా. ప్రామిస్ సార్, నాకేం తెలీదు."

"డిజైనంట!" ఓబులేసు చప్పట్లు చరిచాడు. "వింటివా అన్నా? మనం ఏడాది గాడిద చాకిరీ చేసి సంపాదించింది ఈయమ్మకి డిజైను!"

ఎవరూ నవ్వలేదు.

"ఏ షాపు?"

"గుర్తులేదు సార్. నేను మారతహళ్ళిలో పీజీలో ఉంటా. ఫ్రెండ్స్ వెయిట్ చేస్తుంటారు. కావాలంటే జాకెట్ మీరే ఉంచుకోండి. ప్లీజ్, నన్ను పంపించెయ్యండి."

"పంపిస్తాములే. నీకెవరిచ్చిరో చెప్పినాక." భుజంగరావు తల తిప్పాడు. "ఓబులేసూ, షెడ్డు తీయప్పా. తలుపేసి అడుగుదాం. అదే చెప్తాది."

ఆ షెడ్డు సంగతి నాగేంద్రకి బాగా తెలుసు. నడిచి లోపలికి వెళ్ళినవాళ్ళని మోసుకుని బయటికి తేవడం చూశాడు. అందులో నోరు విప్పనివాళ్ళు లేరు.

అమ్మాయి బెదురు చూపులు అందరి మీదా తిరిగి నాగేంద్ర దగ్గర ఆగాయి. కళ్ళనిండా నీళ్ళు. ఆ షెడ్డు తలుపు మూసుకుంటే ఇంక అంతే. ఎలాగైనా ఈ పిల్లని ఇక్కణ్ణించి పంపించెయ్యాలి. ఇప్పుడే.

"అన్నా, ఆడపిల్ల. వదిలేద్దాం," అన్నాడు.

"లలిత్ జాకెట్టు దొరికింది నాగేంద్రా. వదిలేసేదా?"

"అది లలిత్‌ది కాదన్నా. డూప్లికేటు. ఎవడో కుట్టి అమ్మేసినాడు. ఈ పిల్లకేం తెలుసు?"

"నువ్వెట్ల చెప్తావప్పా? నాకైతే అచ్చం వానిదే అనిపిస్తాండాది. అదే తోలు, అదే దారం. పేరు కూడా ఉండాది."

"సరిగ్గా చూడన్నా! దీంట్లో రెక్కలు రెండూ బాగుండాయి. లలిత్ దాంట్లో ఎడమ రెక్క సగానికి చిరిగిపోయి ఉండ్లా?"

అనేసి నాగేంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. హమ్మయ్య. ఇంక పిల్లని వదిలేస్తారు.

బయట ఏదో లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. షెడ్డు వైపు నడుస్తున్న ఓబులేసు వెనక్కి తిరిగొచ్చి, ధాబా ముందు తలుపు మూసి గడియ పెట్టాడు.

"వాడు పోయిన పొద్దే నంది కొండ మీద అందరం ఫోటో దిగితిమి," అన్నాడు భుజంగరావు నెమ్మదిగా. "అప్పుడు రెండు రెక్కలూ బాగుండె. చిరిగింటే వాడు కింద పడినప్పుడే చిరిగుండాల. చూసినోడికే తెలుస్తాది."

నాగేంద్ర గడియ పెట్టిన తలుపు వైపు చూశాడు.

"దొంగైతే పర్సు తీస్తాడప్పా. పడినోడి ప్యాచ్ బయటోళ్ళ చేతికి పోకూడదని మనకే కదా రూలు! ఆ అలవాటు కొద్దీ గుద్దినోడు జాకెట్ విప్పుకున్నాడు, మళ్ళా తెచ్చి నాకిచ్చే దారి లేకపాయె. మనోడే అని ఆ పొద్దే తెలుసు నాకు. ఎవడో తెలీలా."

అమ్మాయి ఏడుపు ఆపింది. జాకెట్ చేతితో కళ్ళు తుడుచుకుని, కుర్చీలోంచి లేచి, తిన్నగా వెళ్ళి భుజంగరావు పక్కన నిలబడింది.

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి, మొదటిసారి గొంతు పెంచాడు.

"చిక్కపేటలో ఈ జాకెట్ కుట్టించింది నేను, వేసుకొచ్చిన ఈ పాప వర్షిణి లలిత్ సొంత చెల్లెలు, వాళ్ళన్నని గుద్ది చంపింది నువ్వు నాగేంద్రా!"