సర్కారు బిడ్డకు ముసుగు

మక్కగింజలు ఒలిచే మిషన్ బెల్టు పటుక్కున తెగింది.

బుచ్చమ్మ గుండె కూడా దాదాపు అదే చప్పుడు చేసింది. మూడెకరాల మక్కకంకులు కల్లంలో కుప్పగా ఉన్నాయి. పడమట మబ్బు అంతకంటే పెద్ద కుప్పగా ఉంది. వాన ముందు వస్తే గింజలు బస్తాలకు కాదు, మొలకలకు పోతాయి.

"ఐలన్నా, ఇంకో బెల్టు లేదా?"

"సమ్మెల ఏ దుకాణం తెరిసిన్రక్కా? కేసముద్రం మొత్తం తిరిగినా బెల్టు షాపు దొరుకుతది గని బెల్టు దొరకది," అన్నాడు మిషన్ యజమాని ఐలయ్య.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. జనం రైలు పట్టాల మీద కూర్చున్నారు. భూమికి పట్టా లేనివాళ్లు కూడా ఆ పొద్దున పట్టాల మీదే ఉన్నారు. మానుకోట వైపు నుంచి పట్నం పోయే రైలు స్టేషన్లో ఆగిపోయింది.

మంచినీళ్ల కోసం రైలు దిగిన ఒక ముసలవ్వ పక్కనే ఉన్న కల్లానికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలు.

నీళ్లు తాగి, తెగిన బెల్టును వేలితో తడిమింది.

"దబ్బనం ఉన్నదా బిడ్డా?"

"గోనెసంచులు కుట్టేది ఉన్నది. దాంతోని ఏమైతదవ్వా? ఇగ దారి లేదు," అన్నాడు ఐలయ్య.

"దారి లేకుంటే మానె. దారం ఉన్నదా?"

నైలాన్ దారం ఇచ్చారు. అవ్వ బెల్టు కొసలు రెండింటినీ పొరలుగా విప్పింది. ఒకదాని పొరల్లోకి ఇంకోదాని పొరలు దూర్చింది. ముందు నిలువుగా కుట్టింది. తర్వాత అడ్డంగా. ఆ తర్వాత పైనుంచి కిందికి, కిందినుంచి పైకి.

"గంత కుట్టు దేనికవ్వా? నాలుగు పోట్లు పొడిస్తే సాలదా?" అన్నాడు ఐలయ్య.

"ఒక్క దిక్కే కుడితే ఒక్క దిక్కే తెగుతది."

"పట్నంల కుట్టుపనా నీది? జాకెట్లా?"

"ముసుగు. నల్లది. మొఖం కాలకుండ."

"ఎండ పడదా ఏసుకునేటామెకు? ఎవరి బిడ్డ?"

"సర్కారు బిడ్డ."

ఐలయ్య బుచ్చమ్మకు కన్నుగీటాడు. "ఒక్క ముసుగుకు ఎన్ని రోజులు పడ్తదో?"

"ఎనిమిది నెలలు. ఒక్క పోగు తప్పితే మళ్ల మొదటికెల్లి."

"ఇంకొక్క నెల ఆగితే బిడ్డకు బిడ్డే పుట్టు," అన్నాడు ఐలయ్య. "పోనీ, మొఖం కాలిందా మరి?"

"ఒక్కసారి గూడ కాలలే."

అంతలో రైలు కూసింది. పట్టాల మీది జనం లేచినట్టున్నారు.

"అవ్వా, నీ రైలు," బుచ్చమ్మ కంగారుపడింది.

"పోనియ్యి. ఇంకోటొస్తది. కుట్టు నడుమ ఇడిస్తే మళ్ల కుదరది."

రైలు కదిలింది. అవ్వ తల ఎత్తలేదు.

"పాపం, పట్నంల ఎదురుసూసేటోళ్లు ఎవరు లేనట్టున్నరు," ఐలయ్య బుచ్చమ్మ చెవిలో అన్నాడు.

కుట్టు ముగిసింది. "బెల్టు జానెడు కురచైంది. మిషన్ తిప్పే ట్రాక్టరు జర దగ్గరికి జరుపు," అంది అవ్వ.

జరిపారు. మిషన్ తిరిగింది. బెల్టు బెదరలేదు. చివరి బస్తా మూతి కట్టి గుడిసెలో వేశాక గానీ తొలి చినుకు పడలేదు.

బుచ్చమ్మ నాలుగు మంచి కంకులు ఏరి తెచ్చేసరికి అవ్వ తర్వాతి రైలెక్కి పోయింది. పేరు అడగాలని ఇద్దరికీ తట్టలేదు.

సమ్మె అయిపోయింది. కొత్త బెల్టు వచ్చింది. ఐలయ్య పాతదాన్ని కోసి, కుట్టున్న ముక్కను తన బర్రె మెడకు కట్టాడు. పలుపులు తెంపడంలో మహా పలుకుబడి ఉన్న బర్రె అది. ఈ కుట్టు దగ్గర మాత్రం దాని మాట చెల్లలేదు.

క్రిస్మస్‌కు ఇమ్మానుయేల్ ఊరికొచ్చాడు. ఊరి వరుసకు ఐలయ్యకు అల్లుడు. పట్నంలో రాకెట్లకు సామాను చేసే సర్కారు సంస్థలో నౌకరి. మామను పలకరించడానికి వచ్చి, కొట్టం దగ్గర బర్రె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఏందిరా, ప్రార్థన చర్చిల సరిపోలేదా? బర్రెకు గూడ చేస్తున్నవు."

"మామా, గీ కుట్టు ఎవరు కుట్టిన్రు?"

"రైలు ఆపిన నాడు పనిలేని ఒక ముసలవ్వ. ఏ సర్కారు బిడ్డకో నల్ల ముసుగులు కుట్టేదట."

ఇమ్మానుయేల్ గొంతు తగ్గింది.

"ఆ బిడ్డ రాకెట్ మామా. పైకి పోయి మళ్ల కిందికి దిగేటప్పుడు గాలి రాపిడికి దాని ముక్కు మీద ఉక్కైనా కరుగుతది. కార్బన్ దారాన్ని గిట్లనే మూడు దిక్కుల నేసి, నెలలకు నెలలు కాల్చి ముసుగు లెక్క తొడిగితెనే ముక్కు ఆగుతది. తండాల అద్దాల లంగలు కుట్టిన చెయ్యి ఆ అవ్వది. మా సంస్థల అందరికి గా నేత నేర్పింది నీలి అవ్వనే."

ఐలయ్య బర్రె మెడలోంచి ఆ ముక్కను విప్పాడు. తువ్వాలతో తుడిచాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"ఆమెకు ఎదురుసూసేటోళ్లు లేరనుకున్న రా," అన్నాడు.

"ఆ రైలు ఆపిన నాడే ఆమెకు సన్మానం మామా. శాలువా పట్టుకొని మూడొందల మందిమి పొద్దుమూకేదాక నిలబడ్డం. వచ్చినంక ఆలస్యమెందుకైందవ్వా అంటే, 'దారిల చిన్న కుట్టుపని తగిలింది' అన్నది."