మూడొందల పన్నెండు స్తంభాలు

"ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్. అరగంటలో ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు," అన్నాడు మెకానిక్, విప్పి పెట్టిన సీపీయూ వైపు కూడా చూడకుండా.

"కొడితే అందులో ఉన్నది?"

"పోతుంది."

"అయితే కొట్టొద్దు."

"డిస్క్ పాడైంది మేడమ్. ఫొటోలేగా? మీ ఫోన్లో ఉండే ఉంటాయి."

"ఫొటోలు కాదు. మా మామయ్య జీవితం," అంది ఆమె.

మెకానిక్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

ఇది మూడో షాపు. మొదటివాడు పదకొండు రోజులు ఉంచుకుని, "చూశామండీ, లాభం లేదు" అని తిరిగిచ్చాడు. స్క్రూల మీద దుమ్ము కూడా చెదరలేదని ఆమె ఇంటికెళ్ళాక గమనించింది. రెండోవాడు కీబోర్డు మార్చి పంపాడు. కీబోర్డుకేమైందని అడిగితే, "పాతబడిపోయిందిగా" అన్నాడు. ఈ మూడోవాడు పోయిన మంగళవారం నుంచి ఫోన్ చేస్తానంటూనే ఉన్నాడు.

"మీరు వెళ్ళండి మేడమ్. అయ్యాక ఫోన్ చేస్తా."

"మీరు చేయరు. నేను కూర్చుంటాను." స్టూలు మీదున్న పాత ప్రింటరును జాగ్రత్తగా కింద పెట్టి కూర్చుంది.

"సాయంత్రం దాకా పట్టొచ్చు."

"సాయంత్రం దాకా కూర్చుంటాను."

"భోజనానికి షట్టర్ దించేస్తాను."

"దించుకోండి. లోపలే ఉంటాను."

అతను పెద్దగా నిట్టూర్చి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "జీవితం అన్నారు. అంటే ఏంటి?"

"మామయ్య ముప్పై ఎనిమిదేళ్ళు కరెంటు లైన్‌మన్‌గా చేశారు. ఆయన చెబుతుంటే దాదాపు ఏడాది పాటు నేను టైపు చేశాను. రోజూ మధ్యాహ్నం ఒక స్తంభం."

"స్తంభమా?"

"ఆయనకి సంవత్సరాలు గుర్తుండవు. స్తంభాల నంబర్లే గుర్తు. పెళ్ళి కుదిరిందని కబురొచ్చినప్పుడు ఎనభై ఒకటో స్తంభం మీదున్నారు. మా ఆయన పుట్టినప్పుడు నూట ఆరు. మొత్తం మూడొందల పన్నెండు. ఆఖరిది చెప్పిన మర్నాడే ఇది ఆగిపోయింది."

"ఇంకో కాపీ పెట్టుకోవాల్సింది కదా."

"పెట్టనివ్వలేదు. ఒకే లైనుకి రెండు వైపుల నుంచీ కరెంటొస్తే పైనున్నవాడు చచ్చిపోతాడట. ఏదైనా ఒక్కచోటే ఉండాలంటారు."

"ఆయనే కరెంటాయన కదా. ఆయన్నే బాగుచేయమనకపోయారా?"

"అడిగాను. ఎక్కడానికి స్తంభం లేకపోతే తన వల్ల కాదన్నారు."

అప్పుడు మాత్రం అతను నిజంగా నవ్వాడు. డిస్కును బయటికి లాగి, తన సొంత కంప్యూటరుకి తగిలించాడు. డిస్కు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. ఫైలు పేరు తెర మీదికొచ్చింది. కాపీ ముప్పై శాతం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇంతే మేడమ్."

"మళ్ళీ చేయండి."

మళ్ళీ చేశాడు. నలభై దగ్గర ఆగింది. డిస్కు వేడెక్కిందన్నాడు. చల్లారేదాకా ఆగుదామంది ఆమె. చల్లారాక ఇంకోసారి. అరవై ఒకటి. షట్టర్ సగం దించి, అతను తన అన్నం డబ్బా మూత తీసి, సగం మూతలో పెట్టి ఆమె ముందుకు తోశాడు. ఇద్దరూ డిస్కు వైపు చూస్తూ తిన్నారు. ఈలోగా ఇద్దరు ముగ్గురొచ్చి షట్టరు కింద నుంచి తొంగిచూశారు. వాళ్ళని రేపు రమ్మని పంపేశాడు.

రెండు దాటాక, నాలుగోసారి, నూరు శాతం అయింది.

ఆమె వెంటనే నమ్మలేదు. ఫైలు తెరిపించి, ఒకటో స్తంభం నుంచి ఒక్కో పేజీ దించుకుంటూ పోయింది. అతను వెనక నిలబడి తనూ చదవడం మొదలుపెట్టాడు. నలభై ఏడో స్తంభం మీద తీగల మధ్య కాకి గూడు. ఆ గూట్లో సూపర్‌వైజరు కళ్ళజోడు.

"ఉండక్కా, అంత తొందరగా తిప్పకు. ఇచ్చేశాడా కళ్ళజోడు?"

"నలభై ఎనిమిదిలో ఇస్తారు. అప్పటిదాకా తనే పెట్టుకుని తిరిగారు."

మూడొందల పన్నెండూ ఉన్నాయి. ఒక్క అక్షరం చెదరలేదు. ఫైలును పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఆమె చేతికిచ్చాడు. కొత్త డిస్కు వేసి కంప్యూటరు రేపు తనే ఇంటికి తెచ్చిస్తానన్నాడు.

పెన్ డ్రైవ్‌ని సంచిలో వేయబుద్ధి కాక గుప్పిట్లోనే పట్టుకుని నడిచింది. గేటు దగ్గర నుంచే మామయ్యని కేకేసి చెబుదామనుకుంది. అంతలో లోపల ఆయన గొంతు వినబడి గుమ్మంలో ఆగిపోయింది.

కంప్యూటరు లేని బల్ల పక్కన, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడాయన. రోజూ ఆమె కూర్చునే కుర్చీతో మాట్లాడుతున్నాడు.

"స్తంభం ఒకటి. రాసుకున్నావా? ఆ రోజు వాన పడిందని చెప్పాను. కాదమ్మా, మంచి ఎండ. భయానికి ఒళ్ళంతా చెమట్లు. కిందికి దిగాక వానని బొంకాను." తనలో తనే నవ్వుకున్నాడు. "ఇది అప్పుడు చెప్పలేదు నీకు. ఈసారి చెబుతా."

ఎన్నాళ్ళయింది ఆయన నవ్వి. మూడొందల పన్నెండు అయిపోయిన దగ్గర్నుంచి భోజనానికి పిలిస్తే తప్ప గది దాటి రాలేదు.

గుమ్మంలో ఆమె చెప్పులు కదిలిన చప్పుడుకి తిరిగి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"దొరికిందా అమ్మా?" అన్నాడు, ఇక చాలు దిగమని ఎవరో కింద నుంచి పిలిస్తే స్తంభం మీదున్న మనిషి అడిగినట్టు.

ఆమె గుప్పిట బిగించి, చేయి వెనక్కి పెట్టుకుంది.

"లేదు మామయ్యా. ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సిందే."