సన్న టైర్లు

"ఏయ్, ముట్టుకోకు!"

గిరిబాబు అరుపుకి సైకిళ్ల షాపు ముందున్న మనిషి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పటిదాకా అతను కొత్త సైకిలు ముందు టైరుని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. గళ్ల లుంగీ, రంగు వెలిసిన చొక్కా, చంకలో ఖాళీ గోనెసంచీ.

అది మామూలు సైకిలు కాదు. కార్బన్ ఫ్రేము రేసు సైకిలు. శ్రీకాకుళంలో అలాంటిది అమ్మడం గిరిబాబుకి అదే మొదలు. దాన్ని కొంటున్న అరుణశ్రీ కాళ్ల పొడవు, చేతుల పొడవు టేపుతో కొలిచి, బెంగళూరు నుంచి సరిపోయే ఫ్రేము తెప్పించాడు.

ఆన్‌లైన్లో కొంటే చౌక అని ఆఫీసులో అందరూ అన్నా అరుణశ్రీ వినలేదు. రేపు బ్రేకు పట్టేస్తే చూసేది గిరిబాబే కదా అంది. విశాఖలో జరిగే పోటీలో ఈసారైనా చివరిదాకా తొక్కాలని ఆమె పట్టుదల.

"టైర్లు ఇంత సన్నగున్నాయేటి బాబూ?" అడిగాడు ఆ మనిషి.

"రేసు సైకిలు. అలాగే ఉంటాయి. నీకేటి పని?"

అతను సీటు ఎత్తు సరిచూసుకుంటున్న అరుణశ్రీ వైపు తిరిగాడు.

"ఏ పక్క తొక్కుతావమ్మా దీన్ని?"

"శ్రీకూర్మం రోడ్డు," అందామె, పనిలో ఉండి.

"ఏ యాలకి?"

"తెల్లారుతూనే."

"ఒక్కదానివేనా?"

అరుణశ్రీ తలెత్తి చూసింది. అతను అప్పటికే తలూపి వెళ్లిపోతున్నాడు.

"ఎందుకు సెప్పినారు మేడమ్?" గిరిబాబు విసుక్కున్నాడు. "దారీ, టైమూ అన్నీ లాగీసినాడు. ఇంత ఇలువైన సైకిలు. జాగ్రత్తండీ."

ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగింది.

మర్నాడు పొద్దున్నే శ్రీకూర్మం రోడ్డు మీద అతను కనిపించాడు. మసక వెలుతురులో రోడ్డంచున వంగి ఏదో చేస్తున్నాడు. ఆమె దగ్గరకొచ్చేసరికి గబుక్కున పక్కకి దిగి, అటు తిరిగి నిలబడ్డాడు. చేతిలో అదే సంచీ. ఈసారి బరువుగా ఉంది.

ఆ తర్వాత రోజూ అంతే. ఒకసారి మలుపు దగ్గర, ఒకసారి కల్వర్టు దగ్గర. ఆమె వెళ్లేదాకా కదలడు. వెళ్లాక వీపు మీద అతని చూపు గుచ్చుకుంటున్నట్టే ఉండేది.

అరుణశ్రీ గిరిబాబుకి చెప్పింది.

"నాననుకున్నదే," అన్నాడతను. "టైరు పంచరైతే మీరు దిగుతారు. దిగితే సైకిలు ఆడిదే. రేపు మీ ఎనకాల నాను బండి మీదొస్తాను."

అన్నట్టే వచ్చాడు. కల్వర్టు దగ్గర అతని కాలరు పట్టుకుని, సంచీ లాక్కుని రోడ్డు మీద గుమ్మరించాడు.

గాజు పెంకులు. మేకులు. తుప్పు పట్టిన బోల్టులు.

"సూసినారా మేడమ్! ఇయ్యే దారంతా జల్లుతన్నాడు!"

"బాబూ, అయి నాను..."

మాట పూర్తికాకుండానే చెంప పేలింది. పాలక్యాన్ల బళ్లు ఆగాయి. దిగినవాళ్లు విషయం విన్నారు. వాళ్లూ తలో దెబ్బ వేశారు.

అరుణశ్రీకి ఆపమని అనాలనిపించింది. అనలేదు.

అతను మోకాళ్ల మీద కూర్చుని, ఆ పెంకులన్నీ మళ్లీ సంచీలోకి ఎత్తబోయాడు.

"సాక్ష్యం దాసేత్తన్నాడు సూడు!" గిరిబాబు సంచీని కాలితో తన్నేశాడు. "ఇంకోపాలి ఈ రోడ్డు మీద కనబడితే స్టేషనుకే!"

అతను లేచి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఇక భయం లేదనుకుంది అరుణశ్రీ. కొన్నాళ్లు హాయిగా తొక్కింది.

ఒక పొద్దున సైకిలు తూలింది. ముందు టైరులో గాలి పూర్తిగా పోయింది.

ఆమె గబగబా దిగింది. మళ్లీ వచ్చాడా? చుట్టూ చూసింది. ఎవరూ లేరు. దూరం నుంచి ఒక ముసలామె నెత్తిన చేపల గంపతో కుంటుతూ వస్తోంది. పాదానికి గుడ్డ కట్టి ఉంది.

"ఏటైనాది తల్లీ?" గంప దించి టైరు మీద చెయ్యి వేసింది. పెంకు ముక్కొకటి పీకి చూపించింది. "ఇలాటిదే నా కాల్లోనూ దిగిపోనాది. ఇన్నాళ్లూ ఈ రోడ్డు మీద ఇయ్యి నేవు."

"ఎందుకు లేవు?"

"ఏరీవోడుండీవోడు. తాగుబోతులు సీసాలు పగలగొట్టీసినా, లారీల నుంచి మేకులు పడినా, తెల్లారకముందే అన్నీ ఏరి సంచీలో ఏసీవోడు."

అరుణశ్రీ రోడ్డంచు వైపు చూసింది.

"ఈ మజ్జిన పట్నంలో ఏదో సైకిలు సూసొచ్చినాడు. టైర్లు మరీ సన్నం, ఆ పిల్ల ఒక్కర్తే వస్తాది, ఇంక సిన్న ముక్కయినా ఒదలకూడదని ఇంకా ముందే లేసిపోయీవోడు."

"ఇప్పుడు... ఎక్కడున్నాడు?"

"దొంగన్నారంట. నలుగురిలో కొట్టినారంట. ఆ సిగ్గుకి ఊళ్లో ఉండనేక గుజరాత్ పోయి సేపల బోటెక్కీసినాడు. ఒంట్లో సత్తువ నేక ఎప్పుడో సంద్రం మానీసినోడు తల్లీ."

చెప్తూ చెప్తూ ఆమె చూపు టైర్ల మీద ఆగింది. తర్వాత అరుణశ్రీ మొహం మీద.

అరుణశ్రీ అడిగింది.

"ఆయన... మీకు ఏమవుతారు?"

ముసలామె గంప నెత్తికెత్తుకుని, గుడ్డ కట్టిన కాలు మెల్లగా నేల మీద ఆనించింది.

"నా పెనిమిటి. సెప్పులేసుకుంటే గంప తూలిపోతాదని వట్టికాళ్లతో నడుస్తాను కదా, నా కాళ్ల కోసవే ఈ రోడ్డు ఏరడం మొదలెట్టినాడు."