ఉభయకుశలోపరి ఎవడు?

ఆ అడవిలో ఆకుల మీద రాసుకున్న ఉత్తరాలు మోసేది పాలపిట్ట. ఎవరి ఉత్తరమైనా మడత విప్పకుండా అందించడమే దాని పరువు.

అలాంటిది, ఎవరు ఉత్తరం రాసినా ముందు కొలువులో చదివాకే కదలాలని పులిరాజు హుకుం జారీ చేశాడు. చదివే పని తొండ మంత్రిది. కుందేలు తన అత్తగారి గురించి రాసుకున్నవీ, ఎలుగుబంటి కాబోయే పెళ్లాన్ని పిలుచుకున్న ముద్దుపేరూ నలుగురిలో నవ్వులపాలయ్యాయి. పాలపిట్టకు ప్రాణం చివుక్కుమంది.

నాలుగోనాడు తొండ రొప్పుతూ వచ్చింది. "ప్రభూ, పెద్ద కుట్ర. ప్రతి ఉత్తరం మొదట్లోనూ ఒకడి పేరే ఉంది. ఉభయకుశలోపరి."

పులిరాజు పాలపిట్టను గద్దించాడు. "ఎవడు వాడు? రేపటికల్లా చూపించకపోతే నీ రెక్కలు కత్తిరిస్తాను."

"అది పేరు కాదు దొరా. మీరూ మేమూ క్షేమమేనని రాసుకునే మాట."

వింటేగా. పాలపిట్ట సంచి అడుగున మిగిలిన మోదుగాకును తొండకిచ్చింది. లోపలేముందో దానికి తెలియదు. రాసిందెవరో మాత్రం తెలుసు.

"ఇదొక్కటి చదవలేదు. ఎవరు రాసినా చదవాలని కదా హుకుం."

పులిరాజు గద్దె మీంచి లేచేలోపే తొండ గొంతెత్తింది. "అమ్మకు నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఉరుములంటే నాకింకా భయం పోలేదమ్మా. మొన్న ఉరిమితే గుహలో మూలకు దూరి ఏడ్చాను..."

కొలువంతా నోళ్లు మూసుకుని నవ్వాపుకుంది. పులిరాజు ఆకు లాక్కుని, తానే మడతపెట్టి పాలపిట్టకిచ్చాడు.

"హుకుం రద్దు. ఆ మాట నేనూ రాసేదేనని కోపంలో మరిచాను. దీన్ని ఎవరూ విప్పకుండా అందించు."

"ఎవరి ఉత్తరమైనా అంతే దొరా" అని పాలపిట్ట ఎగిరిపోయింది.