అవతలి డ్రైవర్

“దెబ్బలేమైనా తగిలాయా?” లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే అడిగింది జయంతి.

“మెడ కొంచెం పట్టేసింది,” అంది పద్మజ.

“తగిలాయంటే ఈ వెబ్‌సైట్ రిపోర్ట్ తీసుకోదు. పోలీసుల్ని పిలవమంటుంది.”

“వద్దు. లేవని పెట్టు.”

అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో ఇద్దరివీ పక్కపక్క అపార్ట్‌మెంట్లు. పొద్దున పార్కింగ్ లాట్‌లో పద్మజ కారును ఎవరో గుద్దారని తెలిసి, పోలీసు వెబ్‌సైట్‌లో రిపోర్ట్ ఫైల్ చేసిపెడదామని ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది జయంతి.

ఏళ్ల తరబడి, భర్త ఉద్యోగం వల్ల వచ్చిన డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్న పద్మజకు ఈమధ్యే వర్క్ పర్మిట్ వచ్చింది. సోమవారం నుంచి ఉద్యోగం. అటు బస్సులు లేవు. అందుకే పట్టుబట్టి లైసెన్స్ తెచ్చుకుంది.

“ఎలా జరిగిందో చెప్పు, టైప్ చేస్తాను.”

“నేను ఆగే ఉన్నాను. ఎదుటి వరుసలోంచి రివర్స్‌లో వచ్చి గుద్దేశారు. ఫోన్‌లో ఏదో మీటింగ్. హారన్ కొట్టినా వినలేదు.”

“దిగి సారీ అయినా చెప్పాడా?”

“దిగారు. ముందు తన బంపర్ చూసుకున్నారు. తర్వాత నామీద అరిచారు.”

“గుద్దినవాడికి ఈ మర్యాదలేమిటే!” విసుక్కుంది జయంతి. “ఎవరైనా చూశారా?”

“పై బాల్కనీలోంచి ఎవరో చూశారు. లోపలికి వెళ్లిపోయారు.”

“ఇన్సూరెన్స్ వివరాలు?”

“ఉన్నాయి.”

“సరే. అన్నయ్యకి చెప్పావా?”

“తెలుసు.”

“ఏమన్నాడు?”

“నీకు డ్రైవింగ్ రాదు, తప్పు నీదే అన్నారు. ఉద్యోగం మాట మర్చిపోయి కారు తాళం ఇచ్చేయమన్నారు.”

జయంతి టైపింగ్ ఆపింది. “చూడకుండానే తప్పు నీదని ఎలా అంటాడు?”

పద్మజ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కిందకు చూస్తే సొట్టపడిన కారు తలుపు కనిపిస్తోంది.

“నిజానికి చిన్న సొట్టే,” కాస్త తగ్గింది జయంతి. “వదిలేస్తే ఇంట్లో గొడవైనా ఉండదేమో. ఆలోచించుకో.”

“ఆలోచించాను. తప్పెవరిదో ఒక్కచోటైనా రాసి ఉండాలి.”

ఆ గొంతు జయంతికి కొత్త. తర్వాతి పేజీకి వెళ్లింది.

“అవతలి డ్రైవర్ పేరు అడుగుతోంది. చెప్పు.”

పద్మజ మంచినీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

“మా ఆయన పేరు రాయి.”