చూడకముందే సేవ్

"మళ్లా బొమ్మ తెల్లగనే వచ్చింది." దయాకర్ ఫైలు మూసేశాడు. గద్వాలలోని కంప్యూటర్ సెంటర్లో కొత్తవాళ్లకు ప్రోగ్రాములు రాయడం నేర్పేది అతనే. "గ్రాఫ్ చూపించే లైను కంటె ముందు సేవ్ చేసే లైను రాయాలని ఎన్నిసార్లు చెప్పాలె? చూసి విండో మూసినంక గ్రాఫ్ ఉండదు, ఖాళీ బొమ్మే సేవ్ అయితది."

ఆ ఫైలు రాజమణిది. నిరుటి దాకా మగ్గం నేసిన మనిషి.

"విండోలనే సేవ్ బటన్ ఉంటది కద సార్, గ్రాఫ్ చూసినంక మూయకముందే నొక్కొచ్చు," అంది తోటి టీచర్ ఉష. "మొదలు అది నేర్పుదాం."

"బటన్ నొక్కుడు ప్రోగ్రామింగ్ కాదు మేడం. వీళ్ల బుర్రకెక్కకపోతే నేనేం చెయ్యాలె?"

రాజమణి మౌసును పక్కకు నెట్టింది.

"బుర్ర లేదనకుర్రి సార్. చీర నేసినంక పరిచి చూస్తం. పోగు తెగిందా, అంచు వంకర పోయిందా చూసినంకనే మడత పెడ్తం. చూడకుండ మడత పెడితే మా అత్త ఊకోదు. మీరేమో చూడకముందే దాచుమంటున్నరు. తప్పుంటే ఎట్ల తెలుస్తది?"

దయాకర్ మిగతావాళ్ల ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచాడు. అన్నీ తెల్లగానే ఉన్నాయి. అందరూ నేత ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. అందరూ చూసిన తర్వాతే దాచారు.

లేచి, వారం నుంచి బోర్డు మీద ఉన్న 'ముందు సేవ్, తర్వాత చూపు' అన్న తన లైనును డస్టర్‌తో గట్టిగా తుడిచేశాడు.

"ఉష మేడం," అన్నాడు కోపం తగ్గకుండానే, "ఆ బటన్ ఏడుందో చూపెట్టుర్రి. నాకు గూడ."